బడిని బట్టి నివాసం: రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసినవి

ఏటా మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి రాయగడ, కోరాపుట్ జిల్లాలలోని తెలుగు ఇళ్ళలో ఒకే చర్చ మొదలవుతుంది. పిల్లలను ఏ బడిలో చేర్చాలి? ఆ బడికి దగ్గరగా ఏ పేటలో ఇల్లు తీసుకోవాలి? అసలు ఇక్కడే చదివించాలా, సరిహద్దు దాటించి పార్వతీపురానికో విజయనగరానికో పంపాలా? బదిలీపై కొత్తగా వచ్చే ఉద్యోగులకూ, తరతరాలుగా ఇక్కడే పాతుకుపోయిన వర్తక కుటుంబాలకూ ఈ ప్రశ్నలు సమానమే. సమాధానం మాత్రం చాలామంది బడి భవనాన్ని, బస్సు సౌకర్యాన్ని, ఇరుగుపొరుగు మాటలను బట్టి తేల్చుకుంటారు. సరిహద్దు జిల్లాలలో అంతకంటే ముందుగా పరిశీలించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని విస్మరించిన కుటుంబానికి ఆ లోటు పదేళ్ళ తరువాత, కళాశాల ప్రవేశాల సమయంలో గాని తెలిసిరాదు.

రెండు రాష్ట్రాల నడుమ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేంతవరకు నేటి కోరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో భాగంగా ఉండేవి. జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు భూరి విరాళాలిచ్చిన దాత. ఆ విశ్వవిద్యాలయపు విజ్ఞానశాస్త్ర కళాశాల ఆయన పేరిటనే వెలసింది. 1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లాను విభజించగా రాయగడ, నవరంగపురం, మల్కనగిరి వేరు జిల్లాలయ్యాయి. పాలన మారినా రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు వాడుక తగ్గలేదు.

విద్య విషయంలో ఈ రెండు జిల్లాలు రాష్ట్ర సగటుకు చాలా దిగువన ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒడిశా అక్షరాస్యత సుమారు 73 శాతం కాగా, ఈ రెండు జిల్లాలలో అది సగానికి లోపే. ప్రైవేటు, కేంద్ర ప్రభుత్వ పాఠశాలలన్నీ కొద్ది పట్టణాల చుట్టూ, ముఖ్యంగా కర్మాగారాల కాలనీల చుట్టూ పోగుపడడానికి ఇదొక కారణం. కనుక మంచి బడి కోరే కుటుంబానికి నివాసయోగ్యమైన చోట్లు పది, పన్నెండుకు మించవు.

ముందుగా తేల్చుకోవలసినది

పిల్లవాడు పద్దెనిమిదేళ్ళ వయసులో ఏ రాష్ట్రంలో పోటీ పడాలి అన్నది మొదటి ప్రశ్న. ఏ పేటలో ఉండాలన్నది దాని తరువాతనే వస్తుంది. ఎందుకనగా ఈ సరిహద్దున ఒకే విద్యార్థి చదువును నాలుగు వేర్వేరు నిబంధనలు నాలుగు వేర్వేరు తరగతుల వద్ద కొలుస్తాయి.

వాటిలో మొదటిది జవాహర్ నవోదయ విద్యాలయాలది. ఆరవ తరగతి ప్రవేశానికి విద్యార్థి ఆ జిల్లా నివాసి అయి, అదే జిల్లాలో అయిదవ తరగతి చదువుతూ ఉండాలి. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు కేటాయిస్తారు. గ్రామీణ కోటా కోరేవారు మూడు, నాలుగు, అయిదు తరగతులను పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి ఉండాలి. మంచి బడి కోసమని నాలుగవ తరగతిలో పల్లె నుంచి రాయగడ పట్టణానికి పిల్లవాణ్ణి మార్చిన తండ్రి, తనకు తెలియకుండానే ఈ అవకాశాన్ని వదులుకున్నట్లు లెక్క.

రెండవ గీత ఏడవ తరగతి వద్ద ఉంది. ఒడిశా ప్రభుత్వోద్యోగాల ప్రకటనలలో అభ్యర్థికి ఒడియా చదవడం, వ్రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలన్న షరతు ఉంటుంది. దానికి రుజువుగా ఏడవ తరగతి గాని, ఆపై తరగతి గాని ఒడియాను ఒక భాషగా తీసుకొని ఉత్తీర్ణులై ఉండాలి. ఒడియా మాధ్యమంలో మెట్రిక్ పరీక్ష వ్రాసినా సరిపోతుంది. ఇవేవీ లేనివారు మాధ్యమిక శిక్షా బోర్డు నిర్వహించే మిడిల్ స్కూలు స్థాయి ఒడియా పరీక్షలో నెగ్గాలి. కోరాపుట్‌లోనే పుట్టి, అక్కడే పెరిగి, బజారులో ధారాళంగా ఒడియా మాట్లాడే తెలుగు యువకుడు హిందీ, సంస్కృతాలు మాత్రమే చెప్పే బడిలో చదివిన కారణంగా ఇరవై రెండేళ్ళ వయసులో ఏడవ తరగతి స్థాయి పరీక్షకు కూర్చోవలసి రావడం ఈ నిబంధన ఫలితమే.

మూడవది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానిది. తల్లిదండ్రులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రలోని ఇంజనీరింగు, వైద్య కళాశాలల వంటి వాటిలో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ స్థానిక ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా పరిగణిస్తారు. ఇంటర్మీడియట్ అర్హతగా గల కోర్సులకు ఆ నాలుగేళ్ళు అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండు సంవత్సరాలు. మిగిలిన 15 శాతంలో పోటీకి కూడా తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్ళు నివసించి ఉండడం వంటి షరతులు ఉంటూ వచ్చాయి. రాష్ట్ర విభజన తరువాత పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసినందున ఆంధ్ర, తెలంగాణల ప్రవేశాలు వేర్వేరు దారులు పట్టాయి. ప్రతి సంవత్సరపు ప్రవేశ ప్రకటనలో స్థానికత పేరాను తల్లిదండ్రులు స్వయంగా చదవడం మంచిది.

నాలుగవది ఎన్.ఐ.టి.లది. వాటిలో సగం సీట్లు స్వరాష్ట్ర విద్యార్థులకు ఉంటాయి. స్వరాష్ట్రాన్ని నిర్ణయించేది పుట్టిన ఊరు కాదు, ఇల్లు ఉన్న ఊరు కూడా కాదు. పన్నెండవ తరగతి నెగ్గిన బడి ఏ రాష్ట్రంలో ఉందో అదే స్వరాష్ట్రం. రాయగడ విద్యార్థి విశాఖలో ఇంటర్ చదివితే రూర్కెలా ఎన్.ఐ.టి.లో పరరాష్ట్రీయుడవుతాడు, తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్.ఐ.టి.లో స్వరాష్ట్రీయుడవుతాడు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. సరిహద్దు దాటించే ఉద్దేశమే ఉంటే ఎనిమిదవ తరగతి ముగిశాక, తొమ్మిదిలో చేరేలా దాటించాలి. అప్పటికి ఏడవ తరగతిలో ఒడియా నెగ్గిన ఆధారం చేతికి వచ్చి ఉంటుంది, ఆంధ్రలో నాలుగేళ్ళూ పూర్తవుతాయి. అలా వీలుకాకపోతే ప్లస్ టూ వరకు ఒడిశాలోనే చదివించడం మేలు. పదవ తరగతి ఇక్కడ ముగించి, ఇంటర్‌కు మాత్రం విజయనగరమో విశాఖపట్టణమో పంపే పద్ధతి ఈ జిల్లాలలో బహుళ ప్రచారంలో ఉంది. దానివల్ల ఆంధ్రలో నాలుగేళ్ళకు బదులు రెండేళ్ళే లెక్కకు వస్తాయి. రూర్కెలా వద్ద స్వరాష్ట్ర హోదా పోతుంది. హాస్టలు ఫీజు మాత్రం మొత్తం చెల్లించవలసిందే.

కుల ధ్రువపత్రాల విషయమూ ఇక్కడే గమనించాలి. షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్ళినవారి వెంట మరొక రాష్ట్రానికి రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వెనుకబడిన తరగతుల జాబితాలు కూడా రెండు రాష్ట్రాలలో ఒకటి కావు. ఆంధ్రలో బి.సి. కింద ఉన్న కుటుంబానికి ఒడిశాలో అదే ప్రయోజనం లభిస్తుందని ముందే అనుకోరాదు.

రాయగడ, దాని పరిసరాలు

విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గంపై ఉన్న రాయగడ, 2011 లెక్కల ప్రకారం 70 వేలు దాటిన పురపాలక పట్టణం. పార్వతీపురం రైలులో సుమారు గంట ప్రయాణం. మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి ఉత్తరాంధ్ర నుంచి నిత్యం భక్తులు వచ్చే ఊరు కావడంతో తెలుగు కుటుంబానికి ఇక్కడ పరాయితనం తోచదు. 2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజన్ కార్యాలయ భవనానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. వాల్తేరు డివిజన్ నుంచి విడదీసిన ఈ కొత్త డివిజన్ వలన ఇంతవరకు విశాఖలో పని చేసిన తెలుగు ఉద్యోగులు పలువురు ఇటు రావలసి ఉంటుంది. బడులపైనా అద్దె ఇళ్ళపైనా ఆ ఒత్తిడి పడడం ఖాయం.

బదిలీ ఉద్యోగం గల కేంద్ర ప్రభుత్వోద్యోగికి రాయగడలో కేంద్రీయ విద్యాలయం ఉండడం పెద్ద ఊరట. ప్రవేశాలలో మొదటి ప్రాధాన్యం అటువంటివారి పిల్లలదే. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఆ తరువాతి వరుసలోకి వస్తారు. వ్యాపారులు, ప్రైవేటు ఉద్యోగులు చివరి వరుసలో ఉంటారు కనుక ఈ ఒక్క బడిని నమ్ముకుని ఇల్లు కొనడం వారికి వివేకం కాదు. పైగా ఈ విద్యాలయాలలో ప్రధానంగా ఇంగ్లీషు, హిందీ, సంస్కృతాల బోధన సాగుతుంది. దేశంలో ఏ మూలకైనా బదిలీ కాగల కుటుంబానికి అది వరం. రాయగడలోనే కలకాలం ఉండబోయే కుటుంబం పైన చెప్పిన ఒడియా నిబంధనను మరొకసారి తలచుకోవాలి.

పట్టణానికి కొద్ది దూరంలో 1962లో స్థాపితమైన జె.కె. కాగితపు మిల్లు చుట్టూ వెలసిన జేకేపూర్ కాలనీ ఉంది. లక్ష్మీపత్ సింఘానియా పబ్లిక్ స్కూలు అక్కడిదే. రద్దీకి దూరంగా, బడికి దగ్గరగా ఉండాలనుకునేవారికి ఈ వైపు అనుకూలం. అయితే కర్మాగారపు కాలనీ ఎక్కడైనా కర్మాగారపు ఉద్యోగుల కోసమే. క్వార్టరు ఉద్యోగం ఉన్నంతవరకే ఉంటుంది. పిల్లవాడు పదిలో ఉండగా తండ్రి పదవీ విరమణ చేస్తే ఏమిటన్నది క్వార్టరులోకి దిగిన రోజునే ఆలోచించుకోవలసిన ప్రశ్న. ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం గల తెరుబలి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

తెరుబలిలో నివసిస్తూ రోజూ పిల్లలను రాయగడ పంపదలచినవారు వర్షాకాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. 2017 జూలై 16న నాగావళి వరదకు తెరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. అంతటి ఉపద్రవం ప్రతి ఏడూ రాకపోవచ్చు. కాని జూలై నుంచి సెప్టెంబరు వరకు వాగులు పొంగే దారిలో బడి బస్సు ఎన్ని రోజులు ఆగిపోతుందో ఆ ఊరివారిని అడిగి తెలుసుకోవాలి. వేసవిలో చూసి నచ్చిన ఇల్లు ఆగస్టులో మరోలా ఉంటుంది.

గుణుపురం వేరు తరహా ఊరు. 1997లో మొదలై 2018లో విశ్వవిద్యాలయమైన జి.ఐ.ఇ.టి. సంస్థ కారణంగా అది ఉన్నత విద్యకు పేరు పొందింది. నౌపడ నుంచి గుణుపురం వరకు బ్రాడ్‌గేజి రైలు 2011 నుంచి నడుస్తున్నందున శ్రీకాకుళం జిల్లాతో రాకపోకలు తేలిక. ఇంజనీరింగు కళాశాల ఉన్న ఊరిలో ప్రాథమిక బడులు కూడా బాగుంటాయన్న అభిప్రాయం తరచు వినిపిస్తుంది. ఆ రెండింటికీ సంబంధం లేదు. బడిని బడిగానే చూసి నిర్ణయించాలి.

పీఠభూమి పట్టణాలు

కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, దమంజోడి, జయపురం ఒకదానికొకటి దగ్గరగా ఉన్న పట్టణాల గుంపు. విజయనగరం నుంచి సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా ఘాట్ ఎక్కి వచ్చే జాతీయ రహదారి వీటిలో అధిక భాగాన్ని కలుపుతుంది. ఒక ఊరిలో ఉండి మరొక ఊరి బడికి పంపడం ఇక్కడ సాధారణం.

సునాబెడ ఈ గుంపులో చదువుల ఊరుగా నిలిచింది. 1964లో మిగ్ విమానాల ఇంజన్ల తయారీకి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం నెలకొన్ననాటి నుంచి అన్ని రాష్ట్రాల ఉద్యోగులూ అక్కడ చేరారు. కేంద్రీయ విద్యాలయం, టౌన్‌షిప్ బడులు ఆ క్రమంలో వచ్చినవే. 2009లో ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆవరణ కూడా సునాబెడలోనే ఉంది. టౌన్‌షిప్ గేటు లోపల చోటు దొరకనివారు ఆనుకునే ఉన్న సెమిలిగుడలో అద్దెకు దిగుతారు. రెండు ఊళ్ళ బడులకూ ఆటో దూరం కావడం సెమిలిగుడకు గల అనుకూలత.

దమంజోడి నాల్కో ఊరు. 1981లో స్థాపితమైన ఆ సంస్థ అల్యూమినా శుద్ధి కర్మాగారాన్ని ఇక్కడ నెలకొల్పింది. ఢిల్లీ పబ్లిక్ స్కూలు శాఖ ఉన్నది ఈ ఊరిలోనే. రోడ్లు, నీరు, ఆసుపత్రి విషయంలో రెండు జిల్లాలలో దీనికి సాటి వచ్చే కాలనీలు తక్కువ. సంస్థ ఉద్యోగులు కానివారికి సీటు ఏ వరుసలో, ఎంత రుసుముపై దొరుకుతుందో ముందుగా వ్రాతపూర్వకంగా తెలుసుకున్నాకే మకాం మార్చాలి.

కోరాపుట్ జిల్లా కేంద్రం, చల్లని ఊరు. కేంద్రీయ విద్యాలయం ఉంది. 2017లో ప్రారంభమైన షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల వలన వైద్యులు, సిబ్బంది కుటుంబాలు పెరిగాయి. ఉబ్బసం వంటి బాధలున్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడి చలిని, తేమను కూడా పరిగణించడం అవసరం.

జయపురం వ్యాపార కేంద్రం. 80 వేలు దాటిన జనాభాతో ఈ గుంపులో అన్నిటికంటే పెద్దది. తెలుగు కుటుంబాల పాత బలగం ఇక్కడ గట్టిగా ఉంది. 1947లో ఏర్పడిన విక్రమదేవ కళాశాల ఇటీవలనే విశ్వవిద్యాలయ స్థాయికి ఎదిగింది. కనుక ఒకటవ తరగతి నుంచి పట్టభద్రత వరకు ఇల్లు కదలకుండా పూర్తి చేయగల పట్టణం కావాలంటే జయపురం పేరే ముందు చెప్పాలి. ఊరి నడుమ బజారు రద్దీ ఎక్కువ. చిన్నపిల్లలున్నవారు అంచు పేటలను చూడడం మేలు.

అందరికీ అందుబాటులో ఉన్నవి

ఫీజుల గురించి మాట్లాడేటప్పుడు ప్రభుత్వ ఆదర్శ విద్యాలయాలను మరిచిపోవడం పొరపాటు. 2016లో మొదలైన ఒడిశా ఆదర్శ విద్యాలయాలలో ఆరవ తరగతికి ప్రవేశ పరీక్ష ద్వారా చేర్చుకుంటారు. సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమం, ఆంగ్ల మాధ్యమం, ఉచిత విద్య వాటి లక్షణాలు. బ్లాకుకొకటి చొప్పున ఏర్పాటు చేసినవి కనుక పట్టణంలో ఇల్లు కొనలేని కుటుంబానికి ఇవి నిజమైన ప్రత్యామ్నాయం. ఒడియా బోధన కూడా ఉన్నందున ఏడవ తరగతి చిక్కు రాదు. నవోదయ విద్యాలయాలు జిల్లాకొకటి ఉన్నాయి, కోరాపుట్ జిల్లాకు లాండిగుడలో, రాయగడ జిల్లాకు హాటమునిగుడలో. గిరిజన విద్యార్థులకు ఏకలవ్య ఆదర్శ ఆశ్రమ పాఠశాలలు వేరుగా ఉన్నాయి.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను ఆ చుట్టుపక్కల నివసించే పేద, బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఒడిశాలో ఈ దరఖాస్తులు పారదర్శి అనే ప్రభుత్వ వేదిక ద్వారా సాగుతాయి. ఇంటికీ బడికీ మధ్య దూరం ఇక్కడ కీలకం కావడంతో అద్దె ఇంటి చిరునామా రుజువును ముందే సిద్ధం చేసుకోవాలి.

తెలుగు మాటేమిటి?

1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను నిర్దేశిస్తుంది. ఒడిశా మాధ్యమిక శిక్షా బోర్డు పదవ తరగతి పరీక్షలో తెలుగును మొదటి భాషగా వ్రాసే వీలు కల్పించింది కూడా. 2011 లెక్కల ప్రకారం ఆరు లక్షలకు మించిన తెలుగువారున్న రాష్ట్రంలో ఈ వీలు సహజమే. కాని కాగితంపై వీలు వేరు, బడిలో తెలుగు ఉపాధ్యాయుడు ఉండడం వేరు. ఉన్న ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ భర్తీ అవుతుందా అని ప్రధానోపాధ్యాయుని అడగాలి. తెలుగు మొదటి భాషగా తీసుకునే పిల్లలకు ఏడవ తరగతి వరకైనా ఒడియా ఒక పాఠ్యాంశంగా సాగుతున్నదీ లేనిదీ చూసుకోవాలి.

ఈ సీమలో భాష కోసం నివాసం మార్చుకున్నవారిలో గిడుగు రామమూర్తి పంతులు అందరికంటే ప్రసిద్ధుడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిన ఆయన, 1936లో ఆ పట్టణం ఒరిస్సాలో కలిసిన రోజున దానిని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. నేటి కుటుంబాలకు అటువంటి తెంపు అవసరం లేదు. ఆంధ్రకు మారితే తెలుగు మాధ్యమం దొరుకుతుందన్న ఆశ కూడా ఇప్పుడు పెద్దగా నిలవదు. అక్కడి ప్రభుత్వ బడులు సైతం చాలావరకు ఆంగ్ల మాధ్యమానికి మళ్ళాయి. బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్పించి, ఇంటిలో రోజుకు అరగంట తెలుగు చదివించి వ్రాయించే పద్ధతి ఎక్కడున్నా సాధ్యమే. మాట్లాడితే చాలదు, చదవడం రావాలి.

స్థలం కొనే ముందు

బడి నచ్చి, దాని దగ్గరలో స్థలం కొనాలనుకునేవారు ఒక విషయంలో అత్యంత జాగ్రత్తగా ఉండాలి. కోరాపుట్, రాయగడ జిల్లాలు రెండూ పూర్తిగా అయిదవ షెడ్యూలు ప్రాంతాలు. 1956 నాటి రెండవ రెగ్యులేషన్, దానికి 2002లో వచ్చిన సవరణల ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు. అటువంటి భూమిని అధికారులు తిరిగి గిరిజనునికి ఇప్పించగలరు. అప్పుడు దానిపై కట్టిన ఇంటి కథ ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 2023 నవంబరులో ఈ నిషేధాన్ని సడలించాలని రాష్ట్ర మంత్రివర్గం తీర్మానించినా, తీవ్ర వ్యతిరేకత రావడంతో కొద్ది రోజులకే దానిని నిలిపివేశారు. చట్టం మారబోతున్నదని చెప్పి స్టాంపు కాగితంపై ఒప్పందం వ్రాయించే మధ్యవర్తులను నమ్మరాదు. గిరిజనుల భూమిని రక్షించడానికి పుట్టిన ఈ చట్టాన్ని బినామీ పేర్లతో తప్పించుకోవడం అపాయమే గాక అన్యాయం కూడా.

షెడ్యూల్డు కులాలవారి భూమి కొనడానికి సబ్ కలెక్టరు అనుమతి తప్పనిసరి. మిగిలిన భూములలో కూడా పట్టాపై ‘ఘరబారి’ అని ఉన్నదా, సాగు భూమిగానే ఉన్నదా చూడాలి. సాగు భూమి అయితే భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద మార్పిడి జరిగిన తరువాతనే ఇల్లు కట్టాలి. భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా, ప్లాటు సంఖ్యలతో పట్టా వివరాలు ఎవరైనా చూడవచ్చు. ఆపైన తహసీలు కార్యాలయంలో పాత హక్కుదారుల వివరం తీయించడం క్షేమం. మూడు నాలుగు సంవత్సరాల చదువు కోసమే వచ్చే కుటుంబానికి అద్దె ఇల్లు మేలు.

బడి గుమ్మంలో అడగవలసినవి

బడి చూడడానికి వెళ్ళినప్పుడు రంగుల గోడలకంటే అనుబంధ పత్రం ముఖ్యం. సి.బి.ఎస్.ఇ. విధానమని బోర్డు కట్టిన బడులన్నింటికీ సి.బి.ఎస్.ఇ. అనుబంధం ఉండదు. అనుమతి అయిదవ తరగతి వరకా, ఎనిమిది వరకా, పది వరకా అన్నది అడిగి, అనుబంధ సంఖ్యను బోర్డు వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. ‘పదవ తరగతి ధ్రువపత్రంపై ఏ బడి పేరు ఉంటుంది?’ అన్న ఒక్క ప్రశ్నతో చాలా సంగతులు బయటపడతాయి. వేరొక బడి పేరిట పరీక్ష వ్రాయిస్తామని జవాబు వస్తే ఆలోచించవలసిందే, ఎందుకంటే స్థానికతకు, స్వరాష్ట్ర హోదాకు ఆధారమయ్యేది ఆ కాగితమే. పదకొండు అంకెల యు-డైస్ సంఖ్య ప్రతి గుర్తింపు పొందిన బడికీ ఉంటుంది.

ఉపాధ్యాయుల సంఖ్య తరువాత చూడాలి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక దశలో 30 మందికి ఒక ఉపాధ్యాయుణ్ణి, ఆరు నుంచి ఎనిమిది తరగతులలో 35 మందికి ఒకరిని సూచిస్తుంది. లెక్కలు, విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఎన్నేళ్ళుగా ఆ బడిలో ఉన్నారో అడగాలి. ఘాట్ దాటి వచ్చి చేరిన ఉపాధ్యాయులు ఏటా మారిపోయే బడిలో ఎంత మంచి ప్రయోగశాల ఉన్నా ప్రయోజనం స్వల్పం. ఆ బడిలో పై తరగతులు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడితే ప్రచార పత్రంలో లేని సంగతులు తెలుస్తాయి.

వేరు కాపురం

తండ్రి రాయగడలో దుకాణం చూసుకుంటూ ఉండగా తల్లి పిల్లలతో విజయనగరంలో అద్దె ఇంట ఉండే ఏర్పాటు ఈ ప్రాంతంలో కొత్త కాదు. తొమ్మిదవ తరగతి నుంచి నాలుగేళ్ళు నిలబెట్టగలిగితే స్థానికత దక్కుతుంది. కాని రెండిళ్ళ అద్దె, రెండు వంటిళ్ళ ఖర్చు, వారం వారం రైలు ప్రయాణం నాలుగేళ్ళు భరించగలమా అని ముందుగా లెక్క వేయాలి. రెండేళ్ళకే విసిగి తిరిగి వచ్చిన కుటుంబం ఖర్చూ పోగొట్టుకుంటుంది, స్థానికతా సంపాదించదు. వృద్ధులున్న ఇంటిలో కోడలు దూరంగా ఉండడం వలన వచ్చే ఇబ్బందులను ఏ లెక్కలోనూ చూపలేము. పధ్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఒంటరిగా హాస్టలులో ఉంచడం మరొక దారి. అది పిల్లవాని స్వభావాన్ని బట్టి ఉంటుంది, పొరుగింటి పిల్లవాని ర్యాంకును బట్టి కాదు.

ఏ దారి ఎంచుకున్నా రెండు రాష్ట్రాల విద్యా సంవత్సరాల తేడాను గమనించాలి. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్‌లో, ఆంధ్రలో జూన్‌లో మొదలవుతాయి. ఒడిశా నుంచి ఆంధ్రకు మారేవారికి ఈ రెండు నెలల వ్యవధి కలిసివస్తుంది. అటునుంచి ఇటు వచ్చేవారు కొత్త బడిలో చేరేసరికి కొన్ని పాఠాలు అప్పటికే అయిపోయి ఉండవచ్చు. ఇతర రాష్ట్రపు బదిలీ పత్రంపై విద్యాధికారి సంతకం అడగడం వాడుక కనుక ఊరు విడిచే ముందే ఆ సంతకం చేయించుకుంటే మరల ప్రయాణం తప్పుతుంది. ఎనిమిదవ తరగతి లోపు పిల్లలకు బదిలీ పత్రం ఆలస్యమైనదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం అయిదవ సెక్షను చెబుతుంది. ఏడవ తరగతి మార్కుల పత్రంలో ఒడియా పేరు స్పష్టంగా ముద్రించి ఉన్నదీ లేనిదీ కూడా ఆనాడే చూసుకుని, దాని నకలు రెండు తీయించి పెట్టుకోవాలి.